‘మనం’ ఎక్కడికి వెళ్తున్నాం?

‘పిల్లల కోసం’ అనే మాట మన ఇళ్ళల్లో పైకోర్టు తీర్పులాంటిది. దాని మీద అప్పీలు ఉండదు. ‘పాప చదువు కోసం ఊరు మారుతున్నాం’, ‘పిల్లల భవిష్యత్తు కోసం మంచి సిటీ చూసుకుంటున్నాం’ అన్నాక ఎవరూ ఇంకేమీ అడగరు. అడిగిన ఆడది పిల్లల మేలు కోరని తల్లి అయిపోతుంది. ఆ వాక్యంలో నిర్ణయం ఎవరిదో కనిపించదు. ‘మారుతున్నాం’ అన్న క్రియలోనే ఇద్దరూ సమానంగా ఉన్నట్టు వినిపిస్తుంది. తెలుగులో ‘మేము’ వేరు, ‘మనము’ వేరు అనీ, ఎదుటివాళ్ళని కూడా కలుపుకునేది ‘మనం’ అనీ క్లాసులో పాఠం చెప్తుంటాను. కాపురం పెట్టే ఊరిని ఎంచుకునే సందర్భంలో మాత్రం ఈ ‘మనం’ స్త్రీని కలుపుకుంటోందా, మింగేస్తోందా అన్నదే నా ప్రశ్న.

మన భాష ఈ విషయంలో చాలా నిజాయితీగా ఉంది. మగవాణ్ణి ‘మీదే ఊరు?’ అని అడిగితే ఒక్కటే జవాబు. ఆడదాన్ని అడిగితే ‘పుట్టినూరా, మెట్టినూరా?’ అని ఎదురు ప్రశ్న వేయాల్సి వస్తుంది. పుట్టిల్లు, అత్తిల్లు, మెట్టినిల్లు అని స్త్రీకి ఇన్ని ఇళ్ళున్నాయి, తన ఇల్లు అనడానికి మాత్రం విడిగా మాట లేదు. ఆడపిల్ల కాపురానికి ‘వెళ్ళడం’, ఆమెని కాపురానికి ‘పంపడం’ సహజం. మగవాడు భార్య ఊరికి వెళ్తే మాత్రం దానికో ప్రత్యేకమైన పేరుంది, ఇల్లరికం. ఆ మాట పలికేటప్పుడు పెదవుల మీద ఒక చిన్న నవ్వు కూడా ఉంటుంది. స్త్రీలందరూ చేసే పనే పురుషుడు చేస్తే ఎగతాళి ఎందుకయింది? ఊరు వదలడం అంటే అధికారం వదలడమని మన సమాజానికి బాగా తెలుసు కనుక!

ప్రభుత్వ లెక్కలు కూడా ఇదే చెప్తున్నాయి. 2011 జనగణన ప్రకారం దేశంలో నలభై అయిదు కోట్ల మందికి పైగా వలస వచ్చినవాళ్ళున్నారు. అందులో మూడింట రెండు వంతులకు పైగా స్త్రీలే. 2020-21లో కేంద్ర గణాంక శాఖ చేసిన సర్వే ప్రకారం స్త్రీలలో వలస రేటు 47.9 శాతం, పురుషుల్లో 10.7 శాతం. అంటే ఈ దేశంలో సొంత ఊరు వదిలి బతికేవాళ్ళు ప్రధానంగా ఆడవాళ్ళు. మరి ‘వలస’ అనగానే మన కథల్లో, పాటల్లో, సినిమాల్లో కళ్ళ ముందుకు వచ్చేది ఎవరు? మూట భుజాన వేసుకుని బస్సెక్కే మగవాడు. ఎందుకంటే ఆ స్త్రీలలో 86.8 శాతం మంది వలసకి కారణం పెళ్ళి అని అదే సర్వే చెప్తోంది. పెళ్ళి అనగానే అది వలస కాకుండా పోతుంది, శుభకార్యం అయిపోతుంది. జనగణన పట్టికలో వలసకి కారణాలు రాసే చోట ‘కుటుంబంతోపాటు తరలిరావడం’ అని ఇంకో గడి ఉంది. పెళ్ళి గడిలో పట్టని స్త్రీలు ఎందరో ఈ గడిలో పడతారు. సామానుతోపాటు, గ్యాస్ కనెక్షన్ బదిలీతోపాటు, పిల్లల టీసీలతోపాటు వచ్చిన మనుషులు!

సాహిత్య విద్యార్థిగా నాకు ఈ గడి చూసినప్పుడల్లా భండారు అచ్చమాంబ (1874-1905) గుర్తొస్తుంది. భర్త ఇంజనీరు. ఆయన ఉద్యోగరీత్యా మధ్యపరగణాలకు వెళ్ళిన భార్య ఆమె. నేటి జనగణన ఉద్యోగి ఆమె ఇంటికొస్తే ఆమెని కూడా ‘కుటుంబంతోపాటు’ అనే గడిలోనే రాసుకుంటాడు. ఆ గడిలో ఉన్న మనిషే 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ తెచ్చింది. 1902లో ఓరుగంటి సుందరీరత్నమాంబతో కలిసి బందరులో బృందావన స్త్రీ సమాజం స్థాపించింది. ఎక్కడో తెలుగు వినిపించని చోట కాపురం చేస్తూ తెలుగు నేల మీద ఇంత పని చేసిందని మనం ఆమెని పొగుడుతాం. బాగానే ఉంది. ఆ దూరం ఆమె పని నుంచి ఎంత తీసుకుందో మాత్రం లెక్క వెయ్యం. అడ్డంకిని దాటిన స్త్రీని మెచ్చుకుంటూ అడ్డంకిని మర్చిపోవడం మన సాహిత్య చరిత్రకి పాత అలవాటు.

ఇప్పుడు ఈ చర్చ మా ఇంట్లోనే నడుస్తోంది. నా సహచరుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. పాపకి అయిదేళ్ళు. హైదరాబాదులో ఉండిపోవడమా, పుణె వెళ్ళడమా, బెంగుళూరా, విశాఖపట్నమా అని కొన్నాళ్ళుగా మాట్లాడుకుంటున్నాం. అతను మంచివాడు, ప్రజాస్వామికంగా ఉండాలని నిజంగానే ప్రయత్నించేవాడు. అందుకని ఒక పట్టిక తయారుచేశాడు. నిలువు గడుల్లో ఊళ్ళు, అడ్డ గడుల్లో స్కూళ్ళు, ఆస్పత్రులు, అద్దె, ట్రాఫిక్, నీళ్ళు, గాలి, విమానాశ్రయం, అతని కంపెనీ ఆఫీసు. ఆఖరి అడ్డ గడి నాది. ‘నీ పని’ అని రాసి, నాలుగు ఊళ్ళకీ ఒకే మాట నింపాడు: ‘చూసుకోవచ్చు’.

ఈ ‘చూసుకోవచ్చు’ ఎక్కడి నుంచి వచ్చింది? తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసిన మనిషి పని ఎక్కడైనా దొరికేది కాదు. తెలుగు శాఖ ఉన్న విశ్వవిద్యాలయాలు తెలుగు రాష్ట్రాలు దాటితే వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నా పాత పత్రికలు, నా గ్రంథాలయాలు, నా ఇంటర్వ్యూలకి దొరికే రచయిత్రులు, నా వ్యాసం చదివి ఫోనులో తిట్టే స్నేహితురాళ్ళు, వీళ్ళందరూ ఒక ఊరితో ముడిపడి ఉన్నారు. ఇది అతని ఆఫీసు ఎంత వాస్తవమో అంత వాస్తవం. అయినా మా అత్తగారు ‘చదువుకున్న పిల్లవి, ఎక్కడున్నా ఏదో ఒకటి దొరక్కపోదులే అమ్మా’ అంటారు. మా అమ్మ కూడా అదే మాట అంటుంది. ప్రేమతోనే అంటారు. కానీ ‘ఏదో ఒకటి’ అన్న మాట మగవాడి వృత్తి గురించి ఎవరూ అనగా నేను వినలేదు.

ఇక్కడికి రాగానే ‘జీతం’ అనే వాదన వస్తుంది. అతనికి వచ్చేది ఎక్కువ, కాబట్టి అతని ఉద్యోగం ఉన్న చోటికి వెళ్ళడమే తెలివైన పని, ఇందులో పితృస్వామ్యం ఏముంది, ఇది లెక్క అంటారు. సరే, లెక్కే చూద్దాం. పెళ్ళి నాటికి అతని తొలి జీతానికీ నా ఫెలోషిప్‌కీ తేడా పెద్దగా లేదు. మొదటిసారి చెన్నై వెళ్ళాం. అతనికి పదోన్నతి వచ్చింది. నా సిద్ధాంత వ్యాసం రెండేళ్ళు ఆలస్యమైంది. రెండోసారి హైదరాబాదు తిరిగొచ్చాం. అతని జీతం మళ్ళీ పెరిగింది. చెన్నైలో నాకు అప్పుడే దొరికిన తాత్కాలిక ఉద్యోగం పోయింది, ఇక్కడ మళ్ళీ మొదటి నుంచి కాంట్రాక్టు లెక్చరర్. మూడోసారి ఊరు మారే ముందు ఇద్దరి జీతాలూ పక్కపక్కన పెట్టి ‘చూడు ఎంత తేడా ఉందో’ అంటే, ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? మొదటి రెండు ప్రయాణాలే దాన్ని తయారుచేశాయి. ప్రతి వలసా భార్య సంపాదనని కొంచెం తగ్గిస్తుంది. ఆ తగ్గిన సంపాదనే తర్వాతి వలసకి న్యాయం అయిపోతుంది. కూడికలు, తీసివేతలు అన్నీ సరిగ్గానే ఉంటాయి. లెక్క మొదలుపెట్టిన చోటే అన్యాయం ఉంది.

ఇది స్త్రీవాదుల నిష్ఠూరం మాత్రమే కాదు. ఆర్థికవేత్త జేకబ్ మిన్సర్ 1978లోనే కుటుంబ వలస మీద రాసిన వ్యాసంలో, కుటుంబం మొత్తానికి లాభమైన వలసలో ఒకరు వ్యక్తిగతంగా నష్టపోయి కూడా కదలాల్సి రావచ్చనీ, ఎక్కువగా ఆ నష్టపోయేది భార్యలేననీ చూపించాడు. కుటుంబం లాభం అని ఒక మొత్తం లెక్క కట్టి, ఆ మొత్తంలో నష్టం ఎవరి ఖాతాలో పడిందో అడగకపోవడమే మన ఇళ్ళల్లో జరిగే పని.

సంస్థలు కూడా ఇందులో భాగస్వాములే. ఒక విశ్వవిద్యాలయంలో అధ్యాపక ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్తే నా పరిశోధన గురించి మూడు ప్రశ్నలు వేశారు. నాలుగోది ‘మీ వారు ఎక్కడ చేస్తారు? ఇక్కడికి రాగలరా?’ నాకంటే ముందు లోపలికి వెళ్ళిన మగ అభ్యర్థిని భార్య గురించి అడిగారా అని బయటికి వచ్చాక అతన్నే అడిగాను. అతనికి నా ప్రశ్నే అర్థం కాలేదు. ప్రభుత్వోద్యోగుల్లో కనీసం ఈ సమస్యకి ఒక పేరుంది. టీచర్ల బదిలీల్లో స్పౌజ్ కేటగిరీ ఉంది. 2021 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన 317 జీవోతో భార్యాభర్తలు వేర్వేరు జిల్లాలకి విడిపోయినప్పుడు వాళ్ళు రోడ్డెక్కి అడగగలిగారు. ప్రైవేటు రంగంలో ఆ పేరు కూడా లేదు. అక్కడ గొడవ రోడ్డు మీదికి రాదు, వంటింట్లోనే మొదలై వంటింట్లోనే ముగుస్తుంది.

ఇక ‘మంచి ఊరు’ అంటే ఏమిటి? దీనికి ఇప్పుడు ర్యాంకులు వచ్చాయి. కేంద్ర పట్టణ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2018లో ‘ఈజ్ ఆఫ్ లివింగ్’ సూచీ ప్రకటించింది. పుణె మొదటి స్థానం, మన తిరుపతికి నాలుగో స్థానం. 2020 సూచీలో పది లక్షలు దాటిన నగరాల్లో బెంగుళూరు మొదటిది. మెర్సర్ అనే సంస్థ 2019 జాబితాలో మన దేశం వరకు హైదరాబాదు, పుణె ముందున్నాయి. ఊరు మారాలనుకునే కుటుంబాలు ఈ ర్యాంకుల్ని జాతకాల్లా చూస్తున్నాయి. 2018 సూచీలో 78 అంశాలున్నాయి. స్త్రీల ప్రస్తావన భద్రత దగ్గర వస్తుంది, నేరాల లెక్కగా. అంటే ఒక నగరం స్త్రీని ఎంత బాధపెడుతుందో కొలుస్తారు గానీ ఎంత బతకనిస్తుందో కొలవరు. పైగా నమోదైన కేసుల్నే లెక్కిస్తే, స్త్రీలు ధైర్యంగా స్టేషనుకి వెళ్ళగలిగే ఊరు చెడ్డ ఊరిగా, నోరు నొక్కే ఊరు మంచి ఊరిగా తేలే ప్రమాదం కూడా ఉంది కదా?

‘సేఫ్ సిటీ’ అనే మాట విన్నప్పుడల్లా నాకు అనుమానమే. ఈ మాటతో ఆడపిల్లకి దొరికేది ఎక్కువగా రోడ్డు కాదు, తాళం. శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రణడే ముంబయి మీద పరిశోధించి 2011లో రాసిన ‘వై లాయిటర్?’ పుస్తకంలో అడిగింది ఇదే. స్త్రీకి కావాల్సింది రక్షణ పేరుతో ఇంటికి తొందరగా పంపేసే నగరం కాదు, పనేమీ లేకుండా కూడా వీధిలో నిలబడే హక్కు ఇచ్చే నగరం. మా పాపని పెంచడానికి సేఫ్ సిటీ వెతుకుతున్నామంటే, దాన్ని ఏ వయసు దాకా బయట ఆడుకోనిచ్చే ఊరు వెతుకుతున్నామా, ఏ వయసులో లోపలికి పిలవాలో నిర్ణయించే ఊరు వెతుకుతున్నామా?

పట్టికలో మరో గడి ఉంది, ‘గేటెడ్ కమ్యూనిటీ’. గోడ ఎత్తుగా ఉండాలి, గేటు దగ్గర సెక్యూరిటీ ఉండాలి, లోపల పార్కు ఉండాలి. ఆ గోడ లోపల మన పిల్లలు భద్రంగా పెరగడానికి పొద్దున్నే రెండు బస్సులు మారి ఒక స్త్రీ వస్తుంది. చాలా చోట్ల ఆమెకి వేరే లిఫ్టు. వెళ్ళేటప్పుడు ఆమె సంచీ తడిమి చూస్తారు. ఆమె పిల్లలు ఆ సమయంలో ఎక్కడ ఉన్నారో మన పట్టికలో గడి లేదు. ‘కుటుంబానికి అనువైన ప్రాంతం’ అనేది ఎవరి కుటుంబానికి? ‘ఓన్లీ వెజిటేరియన్స్’ అనే టులెట్ బోర్డు ఒక దళిత స్త్రీకి, ఒక ముస్లిం స్త్రీకి ఏం చెప్తుందో మనందరికీ తెలుసు. ‘మీరేవిట్లు?’ అని సూటిగా అడగలేక ‘మీరు ఏం తింటారు?’ అని అడిగే ఇంటి ఓనర్లున్నంత కాలం ఊరు ఎంచుకోవడం అనేది కొన్ని కులాల సౌకర్యమే. ఒంటరి స్త్రీకి, విడాకులు తీసుకుని పిల్లలతో బతికే స్త్రీకి ‘ఫ్యామిలీస్ ఓన్లీ’ అంటారు. తల్లీబిడ్డా కలిస్తే ఫ్యామిలీ కాదట! మధ్యతరగతి స్త్రీగా నా ‘చూసుకోవచ్చు’ గడి గురించి ఇంత కోపం తెచ్చుకుంటున్నప్పుడు, పట్టికే లేనివాళ్ళని మర్చిపోతే ఆ కోపానికి అర్థం లేదు.

కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కి ఇంటిపనికి వెళ్ళే స్త్రీలున్నారు. వాళ్ళూ ఊరు మారేది పిల్లల కోసమే. తేడా ఏమిటంటే పిల్లల్ని వదిలి వెళ్ళాలి. పరాయి పిల్లల్ని ఎత్తుకుని, సొంత పిల్లల్ని ఫోనులో పెంచాలి. ‘పిల్లల కోసం’ అనే మాట మన నోట్లో స్కూలు ర్యాంకు అయితే, వాళ్ళ నోట్లో స్కూలు ఫీజు. ఈ వలసని ‘తల్లి తెగింపు’ అని నిందించే నోళ్ళే, అమెరికా వెళ్ళే తండ్రిని ‘పిల్లల కోసం కష్టపడుతున్నాడు’ అంటాయి.

అమెరికా అన్నాం కనుక అమ్మమ్మల సంగతి కూడా చెప్పాలి. ఊరి ఎంపికలో ‘అమ్మావాళ్ళు దగ్గరుంటారు’ అనేది పెద్ద పాయింటు. దాని అసలు అర్థం, జీతం లేని ఆయా దొరుకుతుంది. కూతురి కాన్పుకి అమ్మ ఆర్నెల్లు, ఆమె వీసా గడువు అయ్యాక అత్తగారు ఆర్నెల్లు. విజయవాడ, గుంటూరు, కరీంనగర్ ఇళ్ళల్లో ఈ వంతులు ఇప్పుడు మామూలు సంగతి. ఇరవై ఏళ్ళప్పుడు పెళ్ళి పేరుతో ఊరు మారిన స్త్రీ అరవై ఏళ్ళప్పుడు మనవల పేరుతో మళ్ళీ ఊరు మారుతుంది. రెండోసారి కూడా ఎవరూ ఆమెని అడగరు, టికెట్టు పంపిస్తారు. ఆ ఊళ్ళో ఆమెకి భాష రాదు, బస్సు ఎక్కడం రాదు, స్నేహితురాళ్ళు లేరు. పి.సత్యవతి ‘ఇల్లలకగానే’ కథలో ఇల్లాలు తన పేరు మర్చిపోతుంది. ఈ అమ్మమ్మలకి తాము ఏ ఊరివాళ్ళో మర్చిపోయే పని పెడుతున్నాం. ఇందులో కూతుళ్ళ పాత్ర కూడా ఉంది కాబట్టి దీని గురించి మనం తక్కువ మాట్లాడతాం.

అయితే నగరాలు ఇలాగే ఉండాలని రాసిపెట్టి లేదు. మెర్సర్ 2019 జాబితాలో వరసగా పదోసారి మొదటి స్థానంలో నిలిచిన వియన్నా, 1990ల్లోనే స్త్రీల రోజువారీ జీవితాన్ని లెక్కలోకి తీసుకోవడం మొదలుపెట్టింది. స్త్రీ ఆర్కిటెక్టులే రూపొందించిన ఒక ఇళ్ళ సముదాయాన్ని ఆ దశాబ్దంలోనే కట్టింది. లోపలే పసిపిల్లల బడి, డాక్టరు, మందుల దుకాణం, దగ్గర్లో రవాణా. తొమ్మిదేళ్ళు దాటాక ఆడపిల్లలు పార్కుల్లో ఎందుకు కనిపించడం లేదని అక్కడ అధ్యయనం చేసి, ఒకే పెద్ద ఆటస్థలాన్ని మగపిల్లలు ఆక్రమిస్తున్నారని గమనించి, పార్కుల్ని మార్చారు. అడిగితేనే కదా తెలిసేది!

మన దగ్గర 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో, 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలకు బస్సు ప్రయాణం ఉచితమైంది. వెంటనే ‘పనీపాటా లేకుండా తిరుగుతున్నారు’ అనే వెక్కిరింపులు మొదలయ్యాయి. తిరిగితే తప్పేమిటి? కానీ ఆ బస్సు రాత్రి తొమ్మిది దాటాక కాలనీ దాకా రావాలి. యాభై మంది, అంతకు మించి పనిచేసే చోట శిశుసంరక్షణ కేంద్రం ఉండాలని 2017లో చట్టం సవరించారు. ఆ నియమం 2020 సామాజిక భద్రతా కోడ్‌లోకి కూడా వచ్చింది. పనిమనుషులకి, కూలీలకి, నాలాంటి కాంట్రాక్టు లెక్చరర్లకి ఆ కేంద్రం ఎక్కడుంది? ఊరు ఎంచుకునే పట్టికలో వెయ్యాల్సిన గడులు ఇవీ.

‘అయితే భార్య ఒక ఊళ్ళో, భర్త ఒక ఊళ్ళో ఉండాలంటారా? కుటుంబాలు విడిపోవాలా?’ అని అడుగుతారు. కుటుంబం కలిసి ఉండటం కోసం ఒక్కరే కదలాలని ఎక్కడుందో ముందు చెప్పమంటాను. రెండుసార్లు అతని ఉద్యోగం కోసం కదిలిన కుటుంబం మూడోసారి ఆమె ఉద్యోగం కోసం కదిలితే కూలిపోదు. జీతం తగ్గితే చిన్న ఇంట్లో ఉంటుంది, ఖరీదైన స్కూలు బదులు మామూలు స్కూలుకి పంపుతుంది. తండ్రి ‘ఏదో ఒకటి’ చూసుకుంటాడు! తల్లి పని మీద నమ్మకం లేని ఇంట్లో ఎంత గొప్ప స్కూలుకి పంపినా, ఆడపిల్ల నేర్చుకునే మొదటి పాఠం తన పని కూడా ఆఖరి గడిలోదే అని.

కాబట్టి మా ఇంటి పట్టికలో నేను ‘చూసుకోవచ్చు’ కొట్టేశాను. ఆ అడ్డ గడిని ఆఖరి నుంచి తీసి మొదట పెట్టాను. దాని కింద ఇంకొన్ని చేర్చాను. నడిచి వెళ్ళగలిగే దూరంలో గ్రంథాలయం ఉందా? పాపకి తెలుగు చదవడం, రాయడం నేర్పే బడి ఉందా? అద్దె అగ్రిమెంటులో నా పేరు కూడా ఉంటుందా? పాపకి జ్వరమొస్తే సెలవు పెట్టే వంతు ఎవరిది? ఇంట్లో పనిచేసే మనిషి ఏ లిఫ్టు ఎక్కుతుంది? మా చర్చ ఇంకా తేలలేదు, ఒకరోజు మాట్లాడుకుంటాం, రెండురోజులు మాట్లాడుకోం. కానీ ఇప్పుడు అది చర్చ. ఇంతకుముందు అది సమాచారం.

2021లో జరగాల్సిన జనగణన వాయిదాలు పడి 2027కి చేరింది. ఇదివరకటిలాగే ఇంటికొచ్చి ఎక్కడి నుంచి వచ్చారు, ఎందుకు వచ్చారు అని అడిగితే, లోపల కాఫీ కలుపుతూ ఇంటి యజమాని చేత జవాబు చెప్పించకండి. మీరే బయటికొచ్చి చెప్పండి. ఏ ఊళ్ళో ఏ ఉద్యోగం వదిలారో, ఏ పరీక్ష రాయకుండా సామాను సర్దారో ఆ గడిలో పట్టకపోవచ్చు. పట్టనిదంతా ఇక్కడ, ఇలాంటి పేజీల్లో రాయండి. కథగా, ఉత్తరంగా, తారీఖులతో సహా. మన వలసల చరిత్ర మనం రాసుకోకపోతే, అది ఎప్పటికీ ‘కుటుంబంతోపాటు’ అనే రెండు మాటల్లోనే మిగిలిపోతుంది.